నెమ్ము అనుకున్న దగ్గు

మన ఇంటి పేజీలో ఇంతవరకు పెళ్ళిపాటలు వచ్చినాయి, పాత ఫోటోలు వచ్చినాయి, రాజసింహేశ్వరుడి గుడి తేరు గురించి వచ్చింది, అవ్వ చేతి కందిపొడి కొలతలు కూడా వచ్చినాయి. ఈసారి ఒక జబ్బు గురించి రాస్తున్నాను. రాయమన్నది చిన్నమనూరు అత్తే. "నా పేరు వెయ్యొద్దు. సంగతి మాత్రం అంతా రాయి. మనోళ్ళు రోగం కంటే ముందు మాటను దాస్తారు" అనింది. పేరు వెయ్యలేదత్తా.

నేను డాక్టర్ని కాను. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. నాన్న మిల్లు పనికని దావణగెరెకు పోయినాడు కాబట్టి నా చదువంతా కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు పెద్దయినాక, కన్నడ అక్షరాల పక్కన పెట్టుకోని నేర్చుకున్నాను. ఎక్కడైనా వాక్యం కన్నడం దారిలో పోతే మీరే దారికి తెచ్చుకోండి. జబ్బుల గురించి రాసేదానికి నాకున్న అర్హత ఒక్కటే. ఒక టెస్టు ఏ ప్రశ్న అడుగుతుంది, ఏ ప్రశ్న అడగదు అని చూడడం నా రోజువారీ పని. అత్త విషయంలో ఆ అలవాటే పనికొచ్చింది.

పోయిన ఐప్పసిలో, దీపావళి ముందు, అత్తకు దగ్గు పట్టుకుంది. ఆ నెలలో కంబం లోయ అంతా తడిసి ముద్దగా ఉంటుంది. ముల్లైయారు కాలవలు నిండి పారతాంటాయి, వరిమళ్ళు నాటుతాంటారు, ఇంట్లో సగం మందికి జలుబు ఉంటుంది. ఎవరు పట్టించుకుంటారు? అల్లం, మిరియాలు, తులసి కషాయం. నాలుగు రోజులకు జ్వరం వచ్చింది. "నెమ్ము చేసింది" అనింది అత్త. రొమ్ములో తడి చేరి, ఊపిరి బరువెక్కి, జ్వరం వస్తే మన అవ్వలు నెమ్ము అనేవాళ్ళు. ఇంగ్లీషు డాక్టర్లు నిమోనియా అంటారు. ఆ మాట దగ్గర అత్త సగం సరిగానే ఉంది. పక్క ఊర్లో ఒక క్లినిక్‌కు పోతే అక్కడ డాక్టరు కూడా అదే అన్నాడు. ఎక్స్‌రే తీసినారు. కుడి ఊపిరితిత్తిలో కింది భాగాన తెల్లమచ్చ. అయిదు రోజులు యాంటీబయాటిక్.

నెమ్ము అంటే లోపల ఏం జరుగుతుందో ముందు చెప్తాను. ఊపిరితిత్తి అంటే గాలి బుడగల గుత్తి అనుకోండి, మన లోయలో పందిళ్ళకు వేలాడే ద్రాక్ష గుత్తుల మాదిరి, కాకపోతే ఒక్కో పండు ఆవగింజ కంటే చిన్నది. ఆ బుడగల పలచటి గోడలోంచే గాలి రక్తంలోకి పోతుంది. న్యుమోకాకస్ లాంటి బ్యాక్టీరియా అక్కడికి చేరితే, దానితో పోట్లాడేదానికి తెల్ల రక్తకణాలు, నీరు ఆ బుడగల్లోకి వచ్చి నిండుతాయి. గాలి ఉండాల్సిన చోట నీరు ఉంటే ఎక్స్‌రేలో తెల్లగా కనబడుతుంది. వేలితో వీపు మీద తట్టితే ఖాళీ డ్రమ్ము మోత రాదు, నిండు బిందె మాదిరి మొద్దుగా వినబడుతుంది. ఈ తట్టి చూసే విద్యను వియన్నాలో ఔవెన్‌బ్రుగర్ అనే డాక్టరు 1761లో పుస్తకంగా రాసినాడు. ఆయన నాయన సత్రం నడిపేవాడంట, పీపాల్లో సారాయి ఎంత ఉందో తట్టి చూసేవాళ్ళంట. స్టెతస్కోపు 1816లో ఫ్రాన్సులో వచ్చింది. అది కనిపెట్టిన లెన్నెక్ 1826లో క్షయతోనే పోయినాడు. ఎంతమంది రొమ్ములకు చెవి ఆనించి ఉంటాడో.

మామూలు నెమ్ము తొందర జబ్బు. నిన్న బాగున్న మనిషికి ఈరోజు చలి, వణుకు, గట్టి జ్వరం, ఊపిరి తీస్తే పక్కటెముకల్లో పోటు, తుప్పు రంగు గళ్ళ. డాక్టరు నిమిషానికి ఎన్ని ఊపిరులు తీస్తున్నారో లెక్కపెడతాడు. పెద్దవాళ్ళకు 30 దాటితే ఇంట్లో ఉంచకూడదు. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు కరోనా పుణ్యమా అని మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. సరైన మందు పడితే రెండు మూడు రోజుల్లో జ్వరం దిగడం మొదలుపెడుతుంది. ఎక్స్‌రే మచ్చ పోయేదానికి ఇంకా కొన్ని వారాలు పడుతుంది, కానీ మనిషి లేస్తాడు.

అత్త లేవలేదు. జ్వరం కొంచెం తగ్గింది, సాయంత్రం మళ్ళీ వచ్చింది. క్లినిక్‌లో ఇంకో యాంటీబయాటిక్ రాసినారు. ఆ తర్వాత మూడోది. దాని పేరు లీవోఫ్లాక్సాసిన్. దానితో బాగా తేరుకున్నట్టే అనిపించింది. వారం అన్నం తిన్నది. మందు అయిపోయిన పది రోజులకు దగ్గు వెనక్కి వచ్చింది, ఈసారి రాత్రి చెమటలతో. రవిక లూజయింది. "సన్నబడితే మంచిదే కదే, షుగరుకు" అని నవ్వింది ఫోన్లో. అత్తకు షుగరు వచ్చి పన్నెండేళ్ళు.

నేను చూసిన బగ్గుల్లో చెడ్డవి ఇట్లాంటివే. పూర్తిగా పాడయితే ఎవరైనా కనుక్కుంటారు. అప్పుడప్పుడు బాగయ్యేదే మోసం చేస్తుంది. లీవోఫ్లాక్సాసిన్ క్షయ క్రిమి మీద కూడా పనిచేస్తుంది. ఆ ఒక్కటే ఇస్తే చంపేంత కాదు, అణిచేంత. జ్వరం దిగుతుంది, గళ్ళలో క్రిములు తగ్గుతాయి, అప్పుడు పరీక్ష చేస్తే దొరకవు. పైగా ఒంటరి మందుకు క్రిమి అలవాటు పడే ప్రమాదం ఉంది. అందుకే క్షయ అనుమానం ఉన్న దగ్గుకు ముందు గళ్ళ పరీక్ష, తర్వాతే ఆ జాతి మందులు అని డాక్టర్లకే నియమం ఉంది. ఆ క్లినిక్ పేరు నేను రాయను. ఒక్క క్లినిక్ కథ అయితే రాసేదాన్నేమో.

దావణగెరె నుంచి బెంగళూరు పోయే దారిలో తుమకూరు వస్తుంది. బెంగళూరులో 1959లో నేషనల్ ట్యూబర్‌క్యులోసిస్ ఇన్‌స్టిట్యూట్ పెట్టినప్పుడు, పల్లెల్లో జనానికి ఈ జబ్బు గురించి తెలీదు, డాక్టరు దగ్గరికి రారు అని అందరూ అనుకునేవాళ్ళు. దేబబ్రత బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అనే ఇద్దరు తుమకూరు జిల్లా ఊళ్ళల్లో క్షయ ఉన్నవాళ్ళను వెతికి, వాళ్ళ ఇళ్ళకు పోయి అడిగినారు. 1963లో అచ్చు వేసినారు. తేలింది వేరే. చాలామందికి తమకు ఏదో జబ్బు ఉందని తెలుసు. సగం మందికి పైగా ఆస్పత్రికి పోయి వచ్చినవాళ్ళే. అక్కడ దగ్గు మందు సీసా ఇచ్చి పంపేసినారు. ఇది చదివినప్పుడు నాకు తుమకూరు కనబడలేదు, అత్త ఇంట్లో కిటికీ గట్టు మీద వరసగా పెట్టిన మూడు సిరప్ సీసాలు కనబడినాయి. అరవై ఏళ్ళు దాటినాయి ఆ కాగితానికి.

కార్తీకంలో నేను లీవు పెట్టి పోయినాను. చిన్నమనూరు బస్టాండులో దిగితే, పొద్దున ఆరు గంటలకే కేరళ కొండల్లో ఏలక్కాయ తోటలకు ఆడవాళ్ళను ఎక్కించుకోని జీపులు పోతాంటాయి. పదిమంది పట్టే జీపులో ఇరవైమంది. దగ్గు గురించి ఆలోచిస్తా వచ్చినదాన్ని కదా, ఆ జీపులే కంటికి పడినాయి. గాలి ఆడని చోట, దగ్గరగా, గంటలకొద్దీ. ఈ క్రిమికి కావలసింది అదే.

అత్తను తేని ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రికి తీసుకుపోయినాము. అక్కడి డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలు నాకు బాగా నచ్చినాయి. దగ్గు ఎన్ని వారాలు? జ్వరం పొద్దునా, సాయంత్రమా? రాత్రి చెమటకు బట్టలు మార్చుకోవాల్సి వస్తుందా? బరువు ఎంత తగ్గినారు? షుగరు ఉందా? ఇంట్లో ఎవరికైనా ముందు వచ్చిందా? ఏ మందులు వాడినారు, ఏది వాడితే తగ్గింది? చివరి ప్రశ్న దగ్గర నేను మూడు చీటీలూ తీసి ఇచ్చినాను. లీవోఫ్లాక్సాసిన్ చీటీ చూసి ఆమె ఏమీ అనలేదు, పెన్నుతో కింద ఒక గీత గీసింది.

తర్వాత పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే పక్కపక్కన వెలుతురుకు పెట్టింది. క్షయ సాధారణంగా ఊపిరితిత్తి పైభాగంలో మొదలవుతుంది, అక్కడ గుంత చేస్తుంది. అత్త మచ్చ కింద ఉంది. "షుగరు ఉన్నవాళ్ళల్లో ఒక్కోసారి కింద వస్తుంది, అందుకే నిమోనియా మాదిరి ఉంటుంది" అని తమిళంలో చెప్పింది. షుగరు ఉన్నవాళ్ళకు క్షయ వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. మన ఇళ్ళల్లో షుగరు లేని ఇల్లు చెప్పండి చూద్దాం. ఈ ఒక్క వాక్యం కోసమైనా ఈ వ్యాసం పెద్దవాళ్ళకు చదివి వినిపించండి.

ఎక్స్‌రే నీడను చూపిస్తుంది, పేరు చెప్పదు. మా పనిలో స్క్రీన్‌షాట్ లాంటిది. ఏదో తప్పు ఉందని ఒప్పుకుంటాం, ఎందుకో తెలీదు. నిమోనియా, క్షయ, పాత మచ్చ, క్యాన్సర్ కూడా ఒక్కోసారి ఒకే రకంగా కనబడతాయి. పేరు కావాలంటే క్రిమినే పట్టుకోవాలి. క్రిమి ఉండేది గళ్ళలో. అందుకని ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చినారు.

ఈ డబ్బా దగ్గరే సగం కథ చెడిపోతుంది. నర్సు "సళి" అనింది, అత్త "ఉమ్మి" అని అర్థం చేసుకుంది. నలుగురిలో గట్టిగా దగ్గి ఉమ్మడం ఆడమనిషికి సిగ్గు. వరండా మూలకు పోయి, నోట్లో తడి అంత డబ్బాలో వేసి మూత పెట్టింది. తేటగా, నురగగా ఉంది. అది ఉమ్మి, గళ్ళ కాదు. నోట్లో క్షయ క్రిమి ఉండదు, లోపలి నుంచి రావాలి. నేను దాన్ని పక్కన పెట్టి ఇంకో డబ్బా అడిగినాను. మరుసటి రోజు పొద్దున పెరట్లో, మునగచెట్టు కింద, ముఖం కడగకముందే మొదలుపెట్టినాము. నీళ్ళతో నోరు పుక్కిలించి, రెండు మూడుసార్లు పొడుగ్గా ఊపిరి తీసి, పట్టి, కడుపులోంచి దగ్గితే వచ్చింది, చిక్కగా, పచ్చగా. రెండు మిల్లీలీటర్లయినా ఉండాలి. ఆరుబయట, గాలిలో, మిగతావాళ్ళు దూరంగా ఉన్నప్పుడు ఇవ్వాలి. రాత్రంతా లోపల చేరింది కాబట్టి పొద్దుటి గళ్ళ మంచిది. టెస్టర్ మాటగా చెప్తే, చెత్త ఇన్‌పుట్ ఇస్తే ఎంత మంచి మిషనైనా చెత్తే చెప్తుంది. ఆ మొదటి డబ్బానే పంపి ఉంటే "నెగటివ్" అని కాగితం వచ్చేది, అందరం ఊపిరి పీల్చుకునేవాళ్ళం.

గళ్ళతో చేసే పరీక్షలు మూడు రకాలు. పాతది మైక్రోస్కోపు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ ఈ క్రిమిని చూపించినాడు. అందుకే మార్చి 24ను క్షయ దినం అంటారు. ఆ క్రిమి ఒంటికి మైనం పూత మాదిరి ఒక పొర ఉంటుంది. మామూలు రంగులు అంటుకోవు. జీల్, నీల్సన్ అనే ఇద్దరి పేరు మీద ఉన్న పద్ధతిలో, గాజు పలక మీద గళ్ళ పూసి, ఎర్ర రంగు పోసి వేడి చేస్తారు. వేడికి మైనం మెత్తబడి రంగు లోపలికి పోతుంది. తర్వాత యాసిడ్‌తో కడిగితే మిగతా అన్నిటి రంగు పోతుంది, దీనిది పోదు. పైన నీలి రంగు వేస్తే, నీలి నేల మీద ఎర్రటి సన్న పుల్లలు. చవక, తొందర, మంచిది. కానీ ఒక మిల్లీలీటరు గళ్ళలో 5,000 నుంచి 10,000 క్రిములు ఉంటేగాని కంటికి దొరకవు. మైక్రోస్కోపు నెగటివ్ అంటే లేదని కాదు, అంతమంది లేరని. అత్తది మైక్రోస్కోపులో నెగటివ్ వచ్చింది.

మామ ఆ కాగితం చూసి "పోదాం పద" అన్నాడు. డాక్టరమ్మ ఆపింది. అదే గళ్ళను సీబీనాట్‌కు పంపింది. ఇది క్రిమి జన్యువును వెతుకుతుంది. గళ్ళను మందు నీళ్ళతో కలిపి ఒక చిన్న కార్ట్‌రిడ్జ్‌లో పోసి మిషన్లో పెడితే, అది క్రిమి డీఎన్‌ఏ ముక్కను కోట్ల రెట్లు పెంచి, ఉందో లేదో రెండు గంటల్లో చెప్తుంది. మిల్లీలీటరుకు 130 దరిదాపు క్రిములు ఉన్నా పట్టుకుంటుంది. ఇంకో ముఖ్యమైన పని కూడా చేస్తుంది. ఆ క్రిమి రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందో లేదో అదే జన్యువులో చూసి చెప్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో దీన్ని ఒప్పుకుంది. గోవాలో తయారయ్యే ట్రూనాట్‌ను 2020లో ఒప్పుకుంది. అది బ్యాటరీతో కూడా నడుస్తుంది కాబట్టి చిన్న ఆస్పత్రుల్లో పెట్టేదానికి వీలు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో రెండూ ఉచితం. మూడో రకం కల్చర్, క్రిమిని పెంచి చూడడం. మామూలు బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకు ఒకటి రెండవుతుంది, ఇది రెండయ్యేదానికి దాదాపు ఒక రోజు తీసుకుంటుంది. అందుకే గుడ్డు కలిపిన గట్టి మేత మీద పెంచితే ఎనిమిది వారాల దాకా చూడాలి. అన్నిటికంటే నమ్మకమైనది, అన్నిటికంటే నిదానం. క్రిమి నిదానమే జబ్బు నిదానం కూడా. నెమ్ము రోజుల లెక్క, క్షయ నెలల లెక్క అని నేను గుర్తుపెట్టుకున్నాను.

సాయంత్రం సీబీనాట్ కాగితం వచ్చింది. క్షయ క్రిమి ఉంది, తక్కువగా ఉంది, రిఫాంపిసిన్‌కు లొంగుతుంది.

ఇక్కడ రక్తపరీక్ష మాట కూడా చెప్పాలి. మన బంధువుల్లో ఒకరు "రక్తంలో టీబీ చూస్తారు కదా, గళ్ళ ఎందుకు" అని వాట్సాప్‌లో అడిగినారు. రక్తంలో యాంటీబాడీలు చూసి క్షయ చెప్పే కిట్లు ఒకప్పుడు ఊరూరా ఉండేవి. తప్పు ఫలితాలు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వద్దంది, మన దేశంలో 2012లో నిషేధించినారు. చేతి మీద సూది వేసి రెండు మూడు రోజుల తర్వాత వాపు కొలిచే మాంటూ పరీక్ష వేరే ప్రశ్న అడుగుతుంది. క్రిమి ఎప్పుడైనా ఒంట్లోకి వచ్చిందా అని. వచ్చి ఊరికే పడుకోని ఉందా, లేచి కొరుకుతాందా అనేది అది చెప్పలేదు. మన దేశంలో పెద్దవాళ్ళల్లో చాలామంది ఒంట్లో అది పడుకోనే ఉంటుంది, జీవితమంతా లేవకపోవచ్చు కూడా.

కాగితం చేతికి వచ్చినాక అత్త అడిగిన మొదటి మాట మందు గురించి కాదు. "చిన్నతాతకు వచ్చిందే, అదేనా?"

చిన్నతాత అంటే మా తాత తమ్ముడు. ఫోటో కూడా లేదు. 1942లో పోయినాడని మాత్రం తెలుసు. తమిళంలో ఈ జబ్బును ఎలుంబురుక్కి అంటారు, ఎముకలు కరిగించేది అని. మన ఇంట్లో ఆ మాట ఎవరూ పలికేవాళ్ళు కాదు, "ఆ దగ్గు" అనేవాళ్ళు. ఆయన్ను రైల్లో మదనపల్లెకు తీసుకుపోయినారంట. అక్కడ 1915లో మొదలైన మిషన్ శానిటోరియం ఉండేది, ఆరోగ్యవరం అనేవాళ్ళు, డేనిష్ డాక్టరు ఫ్రిమోట్ మోలర్ నడిపినాడు. మందులు లేని కాలం. స్ట్రెప్టోమైసిన్‌ను అమెరికాలో 1943లో కనుక్కున్నారు, ఐసోనియజిడ్ 1952లో వాడుకలోకి వచ్చింది. అంతకు ముందు పాలు, గుడ్లు, మంచి గాలి, మంచం మీద పడుకోవడం. కొందరికి రొమ్ములోకి సూదితో గాలి ఎక్కించి జబ్బు ఊపిరితిత్తిని ముడుచుకునేట్టు చేసేవాళ్ళు, దానికి విశ్రాంతి అని. నాలుగు నెలలుండి తిరిగి వచ్చినాడు, ఆరు నెలలకు పోయినాడు. నాయకుల కాలంలో ఎప్పుడో తెలుగుదేశం వదిలి వచ్చిన ఇల్లు మనది. ఆ తరంలో తెలుగు నేల మీద కాలు పెట్టింది ఆయనొక్కడే, చూసింది ఆస్పత్రి కిటికీలోంచి. అక్కడివాళ్ళ తెలుగు విని "మన మాదిరే మాట్లాడతారు" అని తిరిగొచ్చి చెప్పినాడంట. ఆయన గురించి మనకు మిగిలింది ఈ ఒక్క మాట. ఆయన కంచు పళ్ళెం, లోటా పశువుల కొట్టంలో వేరేగా ఉంచి, పోయినాక పాతిపెట్టినారంట.

ఆ రాత్రి అత్త తన స్టీలు పళ్ళెం, టంబ్లరు తీసి పెరటి గూట్లో పెట్టుకుంది. ఎవరూ చెప్పలేదు. ఎనభై ఏళ్ళ కింద పాతిపెట్టిన పళ్ళెం ఆమె చేత పెట్టించింది.

నేను పోయి తెచ్చి కడిగి లోపల పెట్టినాను. క్షయ పళ్ళెంతో రాదు, టంబ్లరుతో రాదు, బట్టలతో రాదు, తాకితే రాదు. దగ్గినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు వచ్చే సన్న తుంపరలు గాలిలో గంటలకొద్దీ తేలతాయి, వాటిని పీలిస్తే వస్తుంది. కాబట్టి చేయాల్సింది పళ్ళెం దాచడం కాదు, కిటికీ తెరవడం. మాస్కు వేసుకోవడం. కొన్నాళ్ళు వేరే గదిలో పడుకోవడం. సరైన మందు మొదలైతే అంటించే శక్తి రోజుల్లోనే పడిపోతుంది, రెండు వారాల తర్వాత చాలా తక్కువ. అత్త ఒప్పుకోలేదు. "పాపకు?" అనింది. మనవరాలికి ఆరేళ్ళు, రాత్రుళ్ళు అవ్వ దగ్గరే పడుకునేది.

అప్పుడు ఆమెకు మద్రాసు కథ చెప్పినాను. 1956లో ఐసీఎంఆర్, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ కలిసి మద్రాసులో ఒక క్షయ పరిశోధన కేంద్రం పెట్టినారు. వాలెస్ ఫాక్స్ అనే ఇంగ్లీషు డాక్టరు ముందుండి నడిపినాడు. అప్పుడు కొత్త మాత్రలు వచ్చినాయి, కానీ శానిటోరియం మంచాలు కొన్నే. ఇంట్లోనే మందు ఇస్తే ఏమవుతుంది? మద్రాసు పేదవాళ్ళను రెండు జట్లు చేసి, ఒకరికి శానిటోరియంలో మంచి తిండి, విశ్రాంతితో, ఇంకొకరికి ఇరుకు ఇంట్లో, ఉన్న తిండితో, ఒకే మందును ఒక ఏడాది ఇచ్చినారు. 1959లో ఫలితం అచ్చయింది. ఇంట్లో ఉన్నవాళ్ళు కూడా దాదాపు అంతే బాగైనారు. అంతకంటే పెద్ద సంగతి, ఇంట్లో వాళ్ళకు జబ్బు ఎక్కువగా అంటలేదు. శానిటోరియంకు పంపిన ఇళ్ళల్లో ఎంతో, ఇక్కడా అంతే. ఎందుకంటే అంటేది మందు మొదలుపెట్టకముందే అంటి ఉంటుంది. ప్రపంచమంతా శానిటోరియాలు మూతపడేదానికి పెద్ద కారణం ఈ మద్రాసు లెక్కే. ఇప్పుడు ఆ కేంద్రం చెన్నైలో జాతీయ క్షయ పరిశోధన సంస్థగా ఉంది. చిన్నతాత పోయిన పదిహేడేళ్ళకు, మన రాజధానిలోనే, ఇంట్లోనే ఉండి బాగుపడొచ్చని తేలిపోయింది. మన ఇంటికి ఆ వార్త రావడానికి ఇంకో అరవై అయిదేళ్ళు పట్టింది.

అత్త అంతా విని "మంచం మాత్రం వేరే వేస్తాను, పళ్ళెం లోపలే ఉండనీ" అనింది. అది చాలు.

మందు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. బరువును బట్టి మాత్రలు, అన్నీ ఉచితం. నిక్షయ్ అనే లెక్కలో పేరు ఎక్కించినారు, తిండి ఖర్చుకని బ్యాంకులో డబ్బు పడుతుంది. 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైంది, 2024 నవంబరు నుంచి 1,000. రెండో రోజు పొద్దున అత్త బాత్రూములోంచి కేక పెట్టింది. మూత్రం ఎర్రగా వచ్చింది, రక్తం అనుకుంది. రిఫాంపిసిన్ రంగు అది, నారింజ ఎరుపు. కన్నీళ్ళు, చెమట కూడా ఆ రంగుకు మారొచ్చు. భయపడాల్సింది లేదు, ముందే చెప్పి ఉంటే బాగుండేది. భయపడాల్సింది కళ్ళు పచ్చబడితే, వాంతులు ఆగకపోతే, చూపు మసకబారితే. అప్పుడు అదే రోజు డాక్టరు దగ్గరికి. ఇంకోటి, రిఫాంపిసిన్ కొన్ని షుగరు మాత్రల బలాన్ని తగ్గిస్తుంది. అత్త షుగరు మొదటి నెలలో ఎక్కడికో పోయింది. మాత్రలు మార్చి, కొన్నాళ్ళు ఇన్సులిన్ పెట్టినారు. క్షయ మందు వాడేవాళ్ళు షుగరు డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి, ఇద్దరూ ఒకే ఆస్పత్రిలో ఉన్నా సరే.

రెండు నెలలకు గళ్ళ మళ్ళీ చూసినారు, క్రిమి లేదు. అక్కడే చాలామంది మందు మానేస్తారు. దగ్గు పోయింది, ఆకలి వచ్చింది, ఇంకెందుకు అని. లోపల నిదానంగా నిద్రపోయే కొన్ని మిగిలి ఉంటాయి, మిగతా నాలుగు నెలలు వాటి కోసమే. మామ క్యాలెండరు మీద రోజుకొక ఇంటు గుర్తు వేస్తున్నాడు. బరువు 41 నుంచి 47 కిలోలకు వచ్చింది. రవికలు మళ్ళీ బిగుతయినాయని కొత్త ఫిర్యాదు.

ఇంట్లో అందరికీ దగ్గు, జ్వరం, బరువు అడిగి ఎక్స్‌రే తీసినారు. పాపకు ఏమీ లేదు. జబ్బు లేదని తేలినాక పాపకు, మామకు నివారణ మందు ఇచ్చినారు. పడుకోని ఉన్న క్రిమి లేవకుండా ఉండేదానికి. దీపావళికి ఆ ఇంట్లో రెండు రోజులకు మించి ఉన్నవాళ్ళ పట్టిక నేను రాసినాను, పద్నాలుగుమంది అయినారు. కోయంబత్తూరువాళ్ళు ముగ్గురూ చూపించుకున్నారు. బెంగళూరులో నేను, మా అమ్మ చూపించుకున్నాము. హోసూరు బావ ఒప్పుకోడానికి రెండు వారాలు తీసుకున్నాడు గానీ పోయి వచ్చినాడు. దిండిగల్లు చిన్నాయన ఇంట్లో ఇద్దరు ఇంకా ఎక్స్‌రే తీయించుకోలేదు. పది రోజులు ఉన్నది వాళ్ళే. నేను ఫోన్ చేస్తే "చిన్నపిల్ల చెప్తే మేం వినాలా" అంటారు. పెద్దవాళ్ళెవరైనా ఈ ఆదివారం లోపల ఒక మాట చెప్పండి.